పిట్ట పాఠం

కరీంనగర్,
జూన్ 2022.

మహీ,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. ఫోన్ చేద్దామంటే నువ్వు మీ స్కూల్ గేటు దాటి రోడ్డు మీదికి వస్తే తప్ప మాట వినపడదు. సగం మాట నాకు, సగం గాలికి. బీఈడీ చదివేటప్పుడు సెలవులకు ఇళ్లకు పోతే ఉత్తరాలు రాసుకునేవాళ్లం కదా, అట్లాగే రాద్దామని కూర్చున్నాను.

పని పడితే తప్ప రాయదు అని నువ్వు అనకముందే చెప్తున్నాను, పని ఉంది. డాడీ గ్రామర్ గైడ్‌ని కొత్తగా అచ్చు వేస్తున్నాం. విద్యాధర్ అన్న మొత్తం కంపోజింగ్‌కి ఇచ్చేశాడు. ఒక్క పాస్ట్ టెన్సుల అధ్యాయం దగ్గరే బండి ఆగింది. పాతదాంట్లో డాడీ ఏం రాశారో నీకు తెలుసు. వాక్యంలో ‘నిన్న’, ‘పోయిన ఏడు’ కనపడితే సింపుల్ పాస్ట్. ‘ఇప్పుడే’, ‘ఇంతవరకు’ కనపడితే హ్యాజ్, హ్యావ్. పిల్లలు ఆ మాటల కోసమే వెతుకుతారు. అవి లేని వాక్యం ఇస్తే బిక్కమొహం వేస్తారు. మొన్న మా కాలేజీలో ఒక అమ్మాయి, వాళ్ల తాత పోయి ఇరవై ఏళ్లు దాటింది, ‘హి హ్యాజ్ డైడ్ ఇన్ 1998’ అని రాసింది. తప్పని దిద్దాను గానీ ఎందుకు తప్పో ఆ పిల్లకి ఎక్కేలా చెప్పలేకపోయాను. మనకు రెండింటికీ ‘పోయిండు’ ఒక్కటే కదా.

డాడీ మళ్లీ తనే రాస్తానంటున్నారు. కానీ పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండడం లేదు. ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజుకి పుస్తకం బయటికి రావాలని అన్న పట్టు.

నువ్వు క్లాసులో పిట్ట పాఠం చెప్తావు కదా, అది రాసి పంపు. ఆ అధ్యాయం మీద నీ పేరే ఉంటుంది. ఉత్త నీ పేరు కూడా కాదు, ‘పోశం కూతురు మహేశ్వరి’ అని వేయిస్తాను. మీ బాపు పోయిన మూడో రోజు మీ క్వార్టర్ ముందు ఆయనకు నువ్వు ఇచ్చిన మాట నేను మర్చిపోలేదు. నీ పక్కనే నిలబడి ఉన్నాను.

మీ అవ్వను అడిగానని చెప్పు, నాకూ అమ్మే కదా.

నీ
స్నిగ్ధ


ఆసిఫాబాద్,
జూలై 2022.

స్నిగ్ధా,

నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్ నన్ను ఎగాదిగా చూశాడు. “టీచరమ్మా, కోర్టు కాయితం గాదు, బ్యాంకుది గాదు, నిజం ఉత్తరమే వచ్చింది” అన్నాడు. అవ్వ నాతోనే ఉంటోంది. నీ పేరు చెప్పగానే “దొరసాని బిడ్డ మనల ఇంక యాది జేస్తుందా” అని మురిసిపోయింది.

పాఠం ఇందులోనే పెట్టాను. నువ్వు కళ్లారా చూసిందే అయినా, మీ ఇంట్లో సార్‌కి చదివి వినిపించాలి కాబట్టి ఏం రాశానో ఇక్కడ కూడా చెప్తాను.

మా నాన్న పోయిన మూడో రోజు. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు విస్తరి వేసి అన్నం, కోడికూర, ఆయన తాగే బీడీ కట్ట పెట్టారు. పిట్ట రావాలి. అంటే కాకి. అది వచ్చి ముట్టేదాకా ఎవరూ తినరు, ఎవరూ కదలరు. అన్నం పెట్టడం అయింది, కానీ దాని కోసం అందరూ ఇంకా ఆకలితో నిలబడే ఉన్నారు. పని అయినా ఇంకా మనల్ని పట్టుకునే ఉంది. అక్కడ హ్యావ్. ‘దే హ్యావ్ సర్వ్‌డ్ ద రైస్.’ పిట్ట ముట్టింది, అందరూ తిన్నారు, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. మర్నాడు ఆ ముచ్చట చెప్పుకుంటే అది సింపుల్ పాస్ట్. ‘ద క్రో టచ్‌డ్ ద రైస్.’ పిట్ట దిగకముందే ఒక కూతురు ఒక మాట ఇచ్చింది. జరిగినదానికంటే ముందు జరిగింది కాబట్టి అక్కడ హ్యాడ్. ఇక నాన్న రోజూ చేసి, ఇప్పుడు చేయడానికి లేని పని ఉంది చూడు, దానికి ‘యూజ్డ్ టు’. ‘మై ఫాదర్ యూజ్డ్ టు కమ్ హోమ్ ఆఫ్టర్ ద సెకండ్ షిఫ్ట్.’

నా పిల్లలు ‘నిన్న’ కోసం వెతకరు. కొత్త వాక్యం ఇస్తే “పిట్ట ముట్టిందా టీచర్, ముట్టలేదా?” అని అడుగుతారు.

ఆ కూతురు ఇచ్చిన మాట ఏమిటో పాఠంలో రాయలేదు. అది నీకు తెలుసు. బాపు డ్యూటీ దిగి వచ్చి పేపర్ చదివేవాడు. గట్టిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని. “మనసోంటోళ్ల పేరు అచ్చుల పడాల్నంటే బాయిల బండ మీద పడాలె, లేకపోతే దొంగతనం జెయ్యాలె” అని నవ్వేవాడు. ఆయన బొగ్గు బాయిలో దిగినన్ని ఏళ్లూ ఆయన మీద బండ పడలేదు, దొంగతనం ఆయనకు రాలేదు. చివరికి జ్వరంతో పోయాడు. కాకి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ఎంతకీ దిగలేదు. లింగమూర్తి మామ “ఏదో కోరిక మిగిలిపోయింది. నోరు తెరిచి చెప్పున్రి” అన్నాడు. అవ్వ ఏదో అంది, చిన్నాయన ఏదో అన్నాడు. నేను “బాపూ, నీ పేరు పుస్తకంల అచ్చేపిస్త” అన్నాను. అప్పుడు దిగింది కాకి. దానికి ఆకలై దిగిందని హాస్టల్‌కి వచ్చాక నువ్వన్నావు. అయి ఉండొచ్చు. మాట మాత్రం మాటే కదా.

పేరు మర్చిపోకు. ఒకటికి రెండుసార్లు చెప్తున్నానని విసుక్కోకు.

నీ
మహి


కరీంనగర్,
ఆగస్టు 2022.

మహీ,

పాఠం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. డాడీకి చదివి వినిపించాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు మళ్లీ చదవమన్నారు, అప్పుడూ అంతే. మూడోసారి కూడా మొదటిసారి విన్నట్టే విన్నారు. వాళ్ల నాన్నగారు పోయిన రోజు గుర్తొస్తోందట.

ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. అన్నకు కాకి నచ్చలేదు. “పిల్లల పుస్తకంల పిండం కాకి ఏంది? తల్లిదండ్రులు కొంటరా? అపశకునం. రైలు పెట్టుమను. రైలు పోయింది, రైలు పోయి ఉండెను, అట్ల” అన్నాడు. నాకూ కష్టంగానే ఉంది గానీ అచ్చు వేయించేది, అమ్మించేది అన్నే కదా. కాస్త మార్చగలవా? నీ చేతిలో పనే.

పేరు సంగతి కూడా మాట్లాడాను. అధ్యాయాల మీద వేరే పేరు వేసే అలవాటు లేదంటున్నాడు. మొదటి పేజీలో కృతజ్ఞతలు ఉంటాయి కదా, అక్కడ వేద్దామంటున్నాడు. నేను ఒప్పిస్తాలే. నువ్వు ఫికర్ పడకు.

నీ
స్నిగ్ధ


ఆసిఫాబాద్,
సెప్టెంబర్ 2022.

స్నిగ్ధా,

రైలు పోతే ఇంకో రైలు వస్తుంది. రైలు కోసం నిలబడ్డవాళ్లు పల్లీలు తింటూ నిలబడతారు, ఎవరూ ఏడవరు. దాంతో ఏం నేర్పుతాను? మీ అన్నకు కాకి అపశకునమైతే రేపు ఆయన ఇంట్లో పిట్టకు పెట్టేటప్పుడు రైలును పిలుస్తాడేమో అడుగు.

కోపంగా రాస్తున్నాననుకోకు, నవ్వుతూనే రాస్తున్నాను. కానీ ఈ రెండు మాటలు మాత్రం నవ్వుతూ అన్నవి కావు. కాకి పోతే పాఠం మొత్తం పోవాలి. ఇష్టం లేకపోతే తిరిగి పంపు, నేను ఏమీ అనుకోను, నా పిల్లలకు నేను చెప్పుకుంటాను. రెండోది, కృతజ్ఞతలు నాకు వద్దు. కాగితం అమ్మినవాళ్లకు, బైండింగ్ చేసినవాళ్లకు చెప్పే దండాల్లో మా బాపును ఒక మూల నిలబెట్టకు. ఆయన బతికినప్పుడు అట్లాంటి మూలల్లో చాలానే నిలబడ్డాడు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కాబట్టి అడుగుతున్నాను. నువ్వు చెప్పిన మాటే నీకు గుర్తు చేస్తున్నాను, కొత్తది ఏమీ కోరడం లేదు.

అవ్వకు మోకాళ్ల నొప్పులు. మిగతా అంతా బాగే.

నీ
మహి


కరీంనగర్,
నవంబర్ 2022.

మహీ,

సంతోషంగా ఉండు, కాకి ఉంటుంది. అన్న ప్రూఫులు నలుగురు టీచర్లకు చూపిస్తే నలుగురూ ఈ అధ్యాయం దగ్గరే ఆగారట. ‘ఇన్నేళ్లకు అర్థమయ్యేట్టు చెప్పిన్రు’ అన్నారట. ఇప్పుడు అన్న కూడా కాకి కాకి అంటూ తిరుగుతున్నాడు.

డాడీ పుట్టినరోజు డిసెంబర్‌లో. ఫంక్షన్ హాల్ మాట్లాడారు. నిన్ను పిలవాలనే ఉంది కానీ ఆ చలిలో ఆసిఫాబాద్ నుంచి బస్సులో ఏం వస్తావు, అవ్వను ఒక్కదాన్ని వదిలి. నేనే పుస్తకం పంపిస్తాను. పనుల్లో తల తిరిగిపోతోంది, అందుకే చిన్న ఉత్తరం.

స్నిగ్ధ


ఆసిఫాబాద్,
జనవరి 2023.

స్నిగ్ధా,

నువ్వు పంపిస్తానన్న పుస్తకం రాలేదు. ఆ అవసరం కూడా లేకుండా పోయింది. మా స్కూల్‌కి కట్ట వచ్చింది. మీ అన్న మనిషే వచ్చి ఇచ్చి పోయాడు. స్టాఫ్‌రూంలో నిలబడే తెరిచాను. బాపు పేరు కళ్లారా చూడాలని కళ్లద్దాలు కూడా తుడుచుకున్నాను.

అధ్యాయం మీద ఎవరి పేరూ లేదు. పుస్తకం అట్ట మీద మీ డాడీ సుదర్శన్‌రావు గారి పేరు ఉంది. సరే, అన్న ఒప్పుకోలేదేమో, కృతజ్ఞతల్లో వేశారేమో అని అక్కడ చూశాను. నేను వద్దన్నదే వెతుక్కున్నాను చూడు. అక్కడా లేదు. అప్పుడు పాఠం చదివాను.

‘మా నాన్నగారు పరమపదించిన పదో రోజు. మెట్‌పల్లి దగ్గర మా గడీ ముందు, పూర్వం ఏనుగులు నిలిచిన విశాలమైన వాకిట్లో...’

బీడీ కట్ట పోయి తాంబూలం వచ్చింది. కోడికూర పోయి నేతి బూరెలు వచ్చాయి. మాట ఇచ్చిన కూతురు పోయి కొడుకు వచ్చాడు. నీళ్ల ట్యాంకు మీద కూర్చున్న మా కాకి మీ గడీ బురుజు మీద కూర్చుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కానీ, చావు కూడా ఒకరిది ఇంకొకరికి పోతుందని నాకు తెలియదు.

అంతా మార్చారు, ఒక్కటి మరిచిపోయారు. నిన్న క్లాసులో మా రజిత లేచింది. బెల్లంపల్లి పిల్ల, వాళ్ల నాయన కూడా బాయిలో పని చేసినవాడే. “టీచర్, గీ దొర గూడ సెకండ్ షిఫ్ట్‌ల దిగిండా?” అంది. చూస్తే ఉంది. గడీ, బురుజు, తాంబూలం అన్నీ అయ్యాక, ‘మై ఫాదర్ యూజ్డ్ టు కమ్ హోమ్ ఆఫ్టర్ ద సెకండ్ షిఫ్ట్.’ పిల్లలంతా పగలబడి నవ్వారు. నేను బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను.

నీకు తెలియకుండా జరిగిందని మాత్రం రాయకు. ‘ఏనుగులు నిలిచిన విశాలమైన వాకిలి’ మీ అన్నకు రాదు. హాస్టల్లో నీ రికార్డులు నేను చదివాను, నావి నువ్వు చదివావు. నీ వాక్యం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.

మహేశ్వరి


కరీంనగర్,
ఫిబ్రవరి 2023.

మహీ,

అవును, నేనే రాశాను. ఎట్లా జరిగిందో చెప్తాను, చివరిదాకా చదువు.

డాడీకి ఆ పాఠం రోజూ చదివి వినిపించేదాన్ని. రోజూ అడిగేవారు. కొన్నాళ్లకు నేను మొదటి వాక్యం చదవగానే మిగతాది ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాళ్ల నాన్నగారి పేరు అందులోకి వచ్చింది. ఒక రోజు “నేను రాసిన ఆ పిట్ట పాఠం కంపోజింగ్‌కి పంపిండ్రా బిడ్డా?” అని అడిగారు. నేను కాదనలేదు. ఆయనకు ఇప్పుడు నా పేరే ఒక్కోసారి తట్టదు మహీ. ఆ పాఠం ఒక్కటే తడుతుంది. “ఆయన ఉన్నన్ని దినాలు ఆయనదే అనుకోనియ్యి, ఇంక ఎన్ని దినాలుంటడు?” అన్నాడు అన్న. ఆయన మాటకు సరిపోయేట్టు నేను రాశాను. ఫంక్షన్ హాల్లో డాడీ మైకు పట్టుకుని అదే చెప్పారు. హాలంతా ఏడ్చింది. అప్పుడు లేచి, కాదు డాడీ, అది పోశం గారి ముచ్చట అనాలా నేను?

నీకు అన్యాయం జరిగింది, నేను కాదనను. కానీ నువ్వు రాసిన తీరు కూడా చాలా గాయపరిచింది. ఎంతైనా ఒక విస్తరి, ఒక కాకి. ఏ ఇంట్లోనైనా జరిగేదే కదా. మేమేదో గనిలోకి దిగి నీ బంగారం తవ్వుకొచ్చినట్టు రాశావు.

రెండో ముద్రణలో సరిచేయిస్తాను. అప్పటిదాకా ఓపిక పట్టు.

స్నిగ్ధ


ఆసిఫాబాద్,
మార్చి 2023.

స్నిగ్ధా,

పాఠం, నీ ఉత్తరం, రెండూ అవ్వకు చదివి వినిపించాను. చింతపండు పిసుకుతూ వింది. పిప్పి తీసి పక్కన పెట్టింది. తర్వాత అంది:

“మీ బాపు బతికినన్ని దినాలు దొరల కింద పని జేసిండు. సచ్చినంక గూడ డ్యూటీ ఎక్కిచ్చిన్రా?”

నేను చేర్చేది ఏమీ లేదు.

మహేశ్వరి


కరీంనగర్,
జూలై 2023.

మహీ,

డాడీ పోయారు. నీకు ఎవరో చెప్పే ఉంటారు.

నువ్వు నాకు జవాబు రాయనవసరం లేదు. కానీ ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకే రాస్తున్నాను. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నర్సు మందు ఇవ్వబోతే “పిట్ట ముట్టిందా?” అని అడిగేవారు. వార్డు తుడిచే ఆమెను కూడా అడిగారు. అదొక్కటే మాట.

పదో రోజు మానేరు ఒడ్డుకి పోయాం. పిండాలు పెట్టారు. కాకి రాలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. తంతు చేయించే అయ్యగారు “కోరికలు ఏమైనా ఉంటే చెప్పండి” అన్నారు. “డాడీ, నీ గైడ్లు ఆగనియ్య, నీ పేరు మీదనే నడిపిస్త” అని గట్టిగా అన్నాడు అన్న. కాకి రాలేదు. అమ్మ ఏదో అంది. రాలేదు. నేను కళ్లు మూసుకుని, మనసులో, ‘డాడీ, ఆ పాఠం మహిది. రెండో ముద్రణలో తన పేరు, పోశం గారి పేరు వేయిస్తాను’ అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి కాకి దిగింది మహీ. మెతుకు తీసుకుని ఎగిరిపోయింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. డాడీ కోసమని అందరూ అనుకున్నారు.

ఆకలై దిగిందని ఒకప్పుడు నేనే అన్నాను. ఇప్పుడు అనలేను. ఈసారి మాట తప్పను. నన్ను నమ్ము.

నీ
స్నిగ్ధ


ఆసిఫాబాద్,
ఆగస్టు 2023.

స్నిగ్ధా,

సార్ సంగతి తెలిసి నేనూ ఏడ్చాను. మీ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడితే, ఆయన తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించారు. నేను ‘డిడ్ వెంట్’ అంటే నవ్వకుండా దిద్దారు. నువ్వు నవ్వావు, నీ నెత్తిన ఒక మొట్టికాయ వేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు. మరిచిపోయి తనదనుకున్న మనిషిని దొంగ అనలేం.

అవ్వ కూడా “మంచాయన” అంది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది.

నీ మాట నమ్ముతున్నాను. నమ్మకపోతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. పుస్తకం వచ్చేదాకా, నా వరకు, పిట్ట ముట్టలేదనే అనుకుంటాను.

నీ
మహి


కరీంనగర్,
జనవరి 2024.

మహీ,

రెండో ముద్రణ వచ్చింది. బస్సు పార్సెల్‌లో నీకు వేరేగా కాపీలు పంపాను.

పేరు పడలేదు. అన్నకు ఎట్లా చెప్పాలో ఎంతో ఆలోచించి చెప్పాను. వినలేదు. “పోయినాయన పుస్తకంల ఇప్పుడు ఇంకొకరి పేరు పెడితే ఏమనుకుంటరు? ఫంక్షన్ హాల్ల అందరి ముంగట చెప్పిండు డాడీ, ఆయనను అబద్ధాలకోరును చేస్తవా?” అన్నాడు. అమ్మ ఏడ్చింది. మానేరు ఒడ్డున నేను అనుకున్న మాట చెప్దామని నోటిదాకా వచ్చింది. కానీ అది నేను అన్నట్టు ఎవరికి తెలుసు? ఇప్పుడు కల్పించి చెప్తున్నాననుకుంటారు. ఊరుకున్నాను.

నేను చేతనైనంత చేశాను. నువ్వు చూపించిన తప్పు మాత్రం పట్టుబట్టి దిద్దించాను. సెకండ్ షిఫ్ట్ వాక్యం తీసేశాం. దాని బదులు ‘మై ఫాదర్ యూజ్డ్ టు రైడ్ ఎ హార్స్’ అని వేశాం. ఇక పిల్లలు నవ్వరు.

నా మీద కోపం పెట్టుకోకు. ఇన్నేళ్ల స్నేహం ఒక పాఠం కోసం పోవద్దు.

నీ
స్నిగ్ధ


ఆసిఫాబాద్,
ఫిబ్రవరి 2024.

స్నిగ్ధా,

పార్సెల్ అందింది. గుర్రం చూశాను.

తప్పు దిద్దించానని రాశావు. మీరు గడీ కట్టి, బురుజు లేపి, ఏనుగుల్ని నిలబెట్టినా ఆ పాఠంలో మా బాపు ఒక్క వాక్యంలో మిగిలి ఉన్నాడు. పేరు లేకపోయినా, చూసి నవ్వినా, అక్కడ ఆయన రోజూ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేవాడు. నేను నీకు ఆ వాక్యం చూపించకపోయి ఉంటే బతికేది. చూపించి నేనే చంపుకున్నాను.

పాత పుస్తకాలు వెనక్కి పంపితే కొత్తవి ఊరికే ఇస్తామని మీ అన్న మా స్కూల్‌కి కబురు పెట్టాడట. మా ప్రిన్సిపాల్ మేడం మూటలు కట్టించి పంపేసింది. ఒక్కటి నేను తీసి ఇంట్లో పెట్టాను. అవ్వకు చదువు రాదు కదా, ఆ వాక్యం ఎక్కడుందో నా చేత వేలు పెట్టించుకుని చూసింది. ఆ పేజీలో వేపాకు పెట్టింది, మళ్లీ నన్ను అడగకుండా దొరకాలని.

క్లాసులో రజిత కొత్త పుస్తకం తిరగేసి “టీచర్, షిఫ్ట్ ఏది?” అంది. బోర్డు మీద రాశాను. ‘పోశం యూజ్డ్ టు కమ్ హోమ్ ఆఫ్టర్ ద సెకండ్ షిఫ్ట్.’ పోశం ఎవరని అడిగారు. చెప్పాను. గంట కొట్టాక ఎవరో డస్టర్‌తో తుడిచేశారు. మర్నాడు మళ్లీ రాశాను. నా చేతిలో ఉన్నది సుద్దముక్క, అచ్చు కాదు. బాపుకి ఇచ్చిన మాట ఇది కాదని నాకు తెలుసు. అది తీరలేదు.

ఇన్నేళ్ల స్నేహం ఒక పాఠం కోసం పోవద్దన్నావు. పాఠం కోసమే అయితే పోనిచ్చేదాన్ని కాదు.

మానేరు ఒడ్డున మనసులో అన్నానని రాశావు చూడు, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. ఏడుపులో పట్టించుకోలేదు. అక్కడ గట్టిగా అనాలి స్నిగ్ధా. లింగమూర్తి మామ “నోరు తెరిచి చెప్పున్రి” అన్నది కాకికి వినపడదని కాదు. చుట్టూ నిలబడ్డవాళ్లు వినాలని. రేపు ఆ మాట తప్పితే, ఏమమ్మా, ఆ రోజు అన్నావు కదా అని అడిగే మనుషులు ఉండాలని. మీ అన్న గట్టిగా అన్నాడు, గైడ్లు నడుస్తున్నాయి. నువ్వు మనసులో అన్నావు, నిన్ను ఎవరూ అడగరు. నీకు హాయి.

నేను మా క్వార్టర్ ముందు గట్టిగానే అన్నాను, లైనంతా విన్నది. లింగమూర్తి మామ పోయాడు. చిన్నాయన ఎక్కడున్నాడో తెలియదు. క్వార్టర్లలో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. ఆ రోజు విన్నవాళ్లలో ఇక అవ్వ ఉంది, నువ్వు ఉన్నావు. అవ్వ ముసలిది, నన్ను ఇంతవరకు ఒక్క మాట అడగలేదు, అడగదు కూడా.

ఏమే మహీ, బాపుకి ఇచ్చిన మాట ఏమైంది అని నువ్వే ఏదో ఒక రోజు నన్ను అడుగుతావనుకున్నాను. నా పక్కనే నిలబడి విన్నావు.

మహేశ్వరి,
పోశం కూతురు